దేహాలయమున స్నాయువు

(జీర్ణోద్ధరణ మహాకుంభాభిషేకమునకు ముందునాటి సాయంకాలము యాగశాల ప్రాంగణమున చేసిన ప్రసంగ పాఠము)



కుంభాభిషేక సంచికలో దేహమును దేవాలయముతో పోల్చు వ్యాసమొకటి ఉండుట ఆచారము. గర్భగృహము శిరస్సనియు, గోపురము పాదములనియు ఆగమజ్ఞులు చెప్పుదురు. ఆ పోలిక మీకు తెలిసినదే గనుక మరల చెప్పను. ఆ పోలికలో ఏనాడును చోటు దక్కని ఒక అంగమును గూర్చి ఈ పూట ముచ్చటింపదలచితిని. దాని పేరు స్నాయువు.

యాగశాలలో స్నాయువు ప్రసక్తి యేమని మన ధర్మకర్తలలో ఒకరు నవ్విరి. ప్రసక్తి వేదములోనే కలదు. తైత్తిరీయోపనిషత్తునందలి శీక్షావల్లిలో ఏడవ అనువాకము లోకమునంతటిని ఐదేసి వస్తువుల పంక్తులుగా చూపును. వెలుపల పృథివి, అంతరిక్షము మొదలగునవి; లోపల ప్రాణములు, ఇంద్రియములు; చిట్టచివరి పంక్తిలో చర్మము, మాంసము, స్నావము, అస్థి, మజ్జ అను ఐదు. ఈ స్నావమే స్నాయువు. ఉపనిషత్తు దానిని మాంసమునకును ఎముకకును నడుమ కూర్చుండబెట్టినది. శరీరమునందును దాని చోటు సరిగా అదియే.

ఎనిమిదవ యేట గురువుగారి యెదుట కూర్చుండి ఈ అనువాకమునకు సంత చెప్పుకొంటిని. స్వరము తప్పినప్పుడు తొడమీద పడిన దెబ్బ జ్ఞాపకమున్నది గాని, స్నావమనగా నేమని అడిగినట్లు జ్ఞాపకము లేదు. ఆ పదమునకు అర్థము నాకు తెలిసినది ఏబది దాటిన పిమ్మట. ఆ సంగతి తరువాత చెప్పుదును.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. కాలు పట్టుకొనినను, మెడ తిరుగకున్నను మనము "నరము పట్టినది" అందుము. మెదడు ఆజ్ఞను మోయునది నరము. రక్తమును మోయునవి సిరలు, ధమనులు. స్నాయువు వీనిలో ఏదియు కాదు. అది కండ కొసను ఎముకకు కట్టిన త్రాడు. పాఠశాల పుస్తకములలో దీనిని స్నాయుబంధనమనియు, ఎముకను ఎముకకు కట్టుదానిని సంధిబంధనమనియు వ్రాయుదురు. సుశ్రుతుడు అన్నిటిని స్నాయువులనియే పిలిచి, వానిలో గుండ్రని త్రాళ్ళవంటి వానికి "కండర" అని ప్రత్యేకముగా పేరు పెట్టెను. తమాషా యేమనగా, నేటి తెలుగులో కండరమన్నచో మాంసపు కట్ట. "కండ" అను మన తెలుగుమాట పోలిక వలన కాబోలు, త్రాటి పేరు పోయి ఆ త్రాటిని లాగువానికి అతికినది! లాగువానికి పేరు దక్కి త్రాడు మరుగున పడుట ఒక్క శరీరములోనే జరుగు పని గాదు లెండు.

రథోత్సవము మీరందరును చూచినదే. తేరు తనంత తాను కదలదు. మోకునకు తేరును కదలించు శక్తి లేదు. శక్తి యంతయు భక్తుల భుజములలో నున్నది. అయినను మోకు లేనినాడు వేయిమంది వచ్చి తేరు చుట్టును నిలుచున్నను తేరు వీధి మలుపు తిరుగదు. కండ భక్తజనము, ఎముక తేరు, స్నాయువు మోకు. ఇందులో ఇంకొక విశేషము కలదు. కండ లాగగలదే గాని నెట్టలేదు. అందుచేత మోచేయి ముడుచుటకు ముందువైపు ఒక మోకు, చాచుటకు వెనుకవైపు మరియొక మోకు కావలసివచ్చినది. ఒకటి లాగునప్పుడు రెండవది సడలవలెను. తేరును పల్లమునకు దింపునప్పుడు వెనుక మోకు పట్టువారు ఎంత నేర్పుగా వదలుదురో చూచినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మీ కుడిచేతిని చూచుకొనుడు. వ్రేళ్ళను కదలించు కండలు వ్రేళ్ళలో లేవు. కొన్ని అరచేతిలో, బలమైనవి ముంజేతిలో ఉన్నవి. ఎడమచేతితో కుడి ముంజేతిని పట్టుకొని, కుడి పిడికిలిని బిగించి వదలినచో చర్మము క్రింద కండ కదలుట తెలియును. అచటినుండి తొమ్మిది స్నాయువులు మణికట్టులోని ఇరుకు సందుగుండా, ఒక నరముతో కలిసి, అరచేతిలోనికి దిగును. నాలుగు వ్రేళ్ళకు రెండేసి చొప్పున ఎనిమిది, బొటనవ్రేలికి ఒకటి. వ్రేలిలో ప్రవేశించిన స్నాయువు ఒక ఒరలో, జిగట ద్రవముతో తడిసి, ముందునకు వెనుకకు జారుచుండును. వ్రేలు మడచినప్పుడు అది ఎముకను విడిచి వింటినారి వలె పైకి లేవకుండ అడ్డముగా కట్లు కలవు. బావి గిలక చేదత్రాటిని ఎట్లు త్రోవలో నిలుపునో ఇవి అట్లు నిలుపును. ఆ కట్టు వద్ద స్నాయువు ఉబ్బినచో వ్రేలు మడచినది మడచినట్లే చిక్కుకొని, బలవంతముగా చాచినప్పుడు టక్కున తెరచుకొనును. మీలో మధుమేహము కలవారికి ఈ బాధ అనుభవమై యుండవచ్చును; వారికి అది ఇతరులకంటె ఎక్కువగా వచ్చును.

ఒక చిన్న పరీక్ష. మధ్యవ్రేలిని లోపలికి మడచి, ఆ కణుపు నేలకు ఆనునట్లు అరచేతిని బోర్లించుడు. ఇక మిగిలిన వ్రేళ్ళను ఒక్కొక్కటిగా పైకెత్తుడు. బొటనవ్రేలు లేచును. చూపుడువ్రేలు లేచును. చిటికెనవ్రేలును లేచును. ఉంగరపువ్రేలు మాత్రము లేవదు. (సభలో పెద్దలు కూడ ప్రయత్నించుచున్నారు, సంతోషము.) అది మీ బలహీనత గాదు. చేతి వెనుకవైపు ఈ వ్రేళ్ళ స్నాయువుల నడుమ అడ్డుపట్టీలు కలవు. మధ్యవ్రేలు క్రిందికి పోయినచో ఉంగరపువ్రేలి త్రాడు కూడ దానితో పోయి చిక్కుకొనును. ఈ అనామికకే మనము దర్భ పవిత్రమును తొడుగుదుము. దీనికి దానికి ముడిపెట్టి శాస్త్రార్థము చెప్పువారు కలరు. నేను చెప్పను. నాకు ఆ వ్రేలితో వేరే లెక్క కలదు.

2014వ సంవత్సరము కార్తికమాసమున స్వామివారి ఇత్తడి కవచమును చింతపండుతో తోముచుండగా రేకు అంచు నా కుడిచేతి అనామిక మొదట దిగినది. నెత్తురు పెద్దగా పోలేదు. దగ్గరలోనున్న ఒక వైద్యశాలలో మూడు కుట్లు వేసి పంపిరి. గాయము చక్కగా మానుచున్నది, నొప్పియు లేదు. కాని హారతిపళ్ళెమును పట్టుకొనబోయినప్పుడు తక్కిన వ్రేళ్ళు ముడుచుకొనినవి, అనామిక మాత్రము కర్రవలె నిలిచినది. వ్రేలు నాది, ఆజ్ఞ నాది, వ్రేలు వినలేదు. తొమ్మిదవనాడు పట్టణములో చేతి శస్త్రచికిత్స చేయు వైద్యుడొకరు చూచి, వ్రేలిలోని రెండు స్నాయువులును తెగినవనియు, పైకొస అరచేతిలోనికి జారిపోయినదనియు చెప్పిరి. మోకు తెగినప్పుడు లాగువారి వైపు కొస వెనుకకు పోవుట సహజము గదా! మొదట చూచినవారు చర్మమును కుట్టిరి. వ్రేలిని మడచి చూపుమని అడుగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగియున్నచో తొమ్మిది దినములు కలిసివచ్చెడివి. మీ యింట ఎవరికైనను చేతికిగాని మణికట్టునకుగాని కోత పడినచో, కుట్లకు ముందు ప్రతి వ్రేలిని విడివిడిగా మడచి చాచి చూపుడు. ఈ సంచికలో నేను ఇచ్చు విరాళము ఈ ఒక్క మాట.

శస్త్రచికిత్స కంటె తరువాతి దినములే కష్టము. స్నాయువు తెల్లనిది, కండలో పారినంత నెత్తురు దానిలో పారదు, అందుచేత నిదానముగా అతుకును. కుట్టిన స్నాయువును కదలింపకున్నచో చుట్టునున్న ఒరకు అంటుకొని బిగిసిపోవును. తొందరపడి లాగినచో కుట్టు తెగును. ఈ రెంటి నడుమ సన్నని దారి. ఆరు వారములు చేతి వెనుక పట్టీ. గంటకు కొన్ని మారులు ఎడమచేతితో ఆ వ్రేలిని మెల్లగా మడచి విడుచుట. మూడు మాసముల వరకు నీళ్ళబిందె ముట్టరాదు. ఆ మూడు మాసములు అభిషేకము నా శిష్యుడు చేసెను. నేను ప్రక్కన పీటపై కూర్చుండి నమకచమకములు చెప్పితిని. స్వరము నాది, చేయి వానిది. దాదాపు నలువది యేండ్లు చేసిన కరన్యాసము నాకు రాకపోయెను. బొటనవ్రేలు ఒక్కొక్క వ్రేలిని తాకుచు వచ్చును. అనామిక వంతు వచ్చినప్పుడు అది కొంచెము వంగి ఎదురు రావలెను. మంత్రము వచ్చెడిది, వ్రేలు వచ్చెడిది కాదు. అర్చకుని చేయి పనికిరానిదైనచో అర్చకత్వమేమగునని రాత్రులు నిదుర పట్టలేదు. ఈ మాట అప్పుడు ఇంటిలో ఎవరితోను అనలేదు.

చేతికి పని లేనందున ఆ దినములలో సుశ్రుతసంహిత శారీరస్థానమును తెరచితిని. ఐదవ అధ్యాయమున స్నాయువుల సంఖ్య 900 అని కలదు. కాలుచేతులలో 600, మధ్యదేహమున 230, మెడ మొదలు పైభాగమున 70. కండరలు 16, పాదములకు, చేతులకు, మెడకు, వీపునకు నాలుగేసి. ఈ లెక్క నేటి శస్త్రవైద్యుల లెక్కతో సరిపోలవలెనని పట్టుపట్టనక్కరలేదు. ఆ అధ్యాయములో నన్ను ఆపినది సంఖ్య గాదు, ఒక పోలిక. పలకలు కూర్చి, అనేక బంధములతో బిగించి కట్టిన పడవ ఎట్లు నీటిపై మనుష్యుల భారమును మోయునో, సంధులయందు స్నాయువులచే కట్టబడిన శరీరము అట్లు భారమును మోయునని సుశ్రుతుడు వ్రాసెను. పడవను తలచుకొనినప్పుడు మనకు పలకలే గుర్తు వచ్చును. ఎముకలకు, కండలకు, సిరలకు, సంధులకు కలిగిన దెబ్బకంటె స్నాయువుకు కలిగిన దెబ్బ శరీరమును ఎక్కువగా చెరచునని కూడ ఆ తరువాతనే చెప్పెను. లోపలి, వెలుపలి స్నాయువులను బాగుగా ఎరిగిన వైద్యుడే దేహములో దాగిన శల్యమును తీయగలడనియు చెప్పెను. నా మూడు కుట్లను తలచుకొని ఆ వాక్యమును రెండు పర్యాయములు చదివితిని.

అదే స్థానమున మరియొక విషయము కలదు. శిశువునకు వెండ్రుకలు, గోళ్ళు, దంతములు, ఎముకలు, సిరలు, స్నాయువులు మొదలగు గట్టి వస్తువులు తండ్రివలన, మాంసము, రక్తము, మేదస్సు, మజ్జ, హృదయము మొదలగు మెత్తని వస్తువులు తల్లివలన కలుగునని సుశ్రుతుని మతము. నేటి శాస్త్రము ఇట్లు పంచిపెట్టదు, నిజమే. కాని ఈ విభాగము తెలిసినచో భృంగి కథ తేటపడును.

భృంగి మహర్షి శివునికే గాని అమ్మవారికి ప్రదక్షిణము చేయనని భీష్మించుకొనెను. ఆదిదంపతులు ఒక్కచోట కూర్చున్నను నడుమ దూరి స్వామిని మాత్రమే చుట్టివచ్చెను. అమ్మవారు ఆగ్రహించి, నాది నాకిమ్మని, తల్లివలన వచ్చిన రక్తమాంసములను తీసివేసెను. మిగిలినవి ఎముకలు, స్నాయువులు. తేరు ఉన్నది, మోకులు ఉన్నవి, లాగువారు లేరు! నిలువలేక కూలబోవుచున్న భక్తునికి స్వామి దయతలచి మూడవ కాలు అనుగ్రహించెను. లేపాక్షి వీరభద్రాలయపు నాట్యమండపమున మూడు కాళ్ళ భృంగిని మీలో చాలమంది చూచియుందురు. పదునారవ శతాబ్దపు శిల్పి ఆయనను రంభాదుల నాట్యము నడుమ నిలిపెను. శక్తి లేని బంధము కదలదు, బంధము లేని శక్తి చేరదు. ఈ రెంటిని ఎరిగిన శిల్పి గనుకనే నిలువలేని వానిని నాట్యమండపములో నిలిపెనని నాకు తోచును.

మన శిల్పసంప్రదాయమున దేవతామూర్తులకు స్నాయువులు, సిరలు పైకి కనబడవు. భుజము నునుపు, కాలు నునుపు. భృంగికి, చాముండకు, కారైక్కాల్ అమ్మవారికి మాత్రము ఉలి ఆ గీతలను గీయును. అట్లని నునుపైన విగ్రహములో శిల్పి స్నాయువును మరచెనని కాదు. ఎత్తిన మడమలో దానిని దాచెను. భరతుడు నాట్యశాస్త్రమున ఐదు పాదభేదములు చెప్పెను: ఉద్ఘట్టితము, సమము, అగ్రతలసంచరము, అంచితము, కుంచితము. వీనిలో మూడింట మడమ నేలను విడుచును. మడమను ఎత్తునది పిక్కను మడమ ఎముకకు కట్టిన స్నాయువు. శరీరములో ఇంతకంటె లావైనది, బలమైనది లేదు. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. పరుగెత్తునప్పుడు దేహభారమునకు ఐదారు రెట్ల లాగుడును అది ఓర్చుకొనును. ఓర్చుకొనుటయే గాదు, కొంచెము సాగి, ఆ సాగుటలో దాచిన శక్తిలో నూటికి తొంబది వంతుల వరకు మరల అప్పగించును. అందువలననే గంతువేసిన నర్తకి కాలు నేలను తాకినదో లేదో అన్నట్లు తిరిగి లేచును. కౌటిల్యుడు అర్థశాస్త్రమున వింటినారి చేయదగిన వస్తువులలో స్నాయువును కూడ చేర్చుట ఈ గుణము వలననే.

కూచిపూడి తరంగమున ఇత్తడిపళ్ళెపు అంచుపై పాదములు నిలిపి నర్తించుట చూచినప్పుడు మనము ముఖమునే చూచుచుందుము. ఈసారి పాదములను చూడుడు. పళ్ళెము జరుగుచున్నంతసేపు చీలమండ చుట్టునున్న స్నాయువులు ఒకటి బిగియుచు ఒకటి సడలుచు క్షణక్షణమును తూకము సరిచేయుచుండును. అభినయదర్పణము చెప్పిన ఇరువది యెనిమిది అసంయుత హస్తములలో రెండవదైన త్రిపతాకము చూచుటకు తేలిక: నాలుగు వ్రేళ్ళు చాచి అనామికను మాత్రము మడచుట. క్రొత్తగా నేర్చు పిల్లలకు అనామికతోపాటు చిటికెనవ్రేలును వంగివచ్చును. ఉపాధ్యాయురాలు కసరుకొనును. దోషము పిల్లది కాదు. మధ్యవ్రేలు, అనామిక, చిటికెనవ్రేలు, ఈ మూటి కొసలను మడచు లోతు స్నాయువులు ముంజేతిలో ఒకే కండనుండి పుట్టినవి. ఒక్కదానిని పిలిచినచో ముగ్గురును పలుకుదురు. సాధన అనగా ఆ ముగ్గురిలో ఇద్దరిని ఊరకుండుమని నేర్పుట. వైణికులకును ఇదే కథ. ఈమని శంకరశాస్త్రిగారు గాని, చిట్టిబాబుగారు గాని ఎడమచేతి చూపుడు, మధ్యవ్రేళ్ళతో మెట్టుపై తీగను ప్రక్కకు లాగి పలికించిన గమకము వెనుక ముంజేతి కండ కలదు, దాని నడుమ ఎవరును వినని ఒక త్రాడు కలదు.

ఇంతకును ఈ త్రాడు దేనితో చేయబడినది? కొల్లాజెన్ అను మాంసకృత్తుతో. దాని నిర్మాణమును విప్పి చెప్పిన గౌరవము మన దేశమునకే దక్కినది. 1954లో మద్రాసు విశ్వవిద్యాలయమున జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అను శాస్త్రజ్ఞులు కంగారు తోకనుండి తీసిన స్నాయువుపై ఎక్స్ కిరణములు ప్రసరింపజేసి, ఆ అణువు మూడు పోగులు పెనవేసిన పురి అని ప్రకటించిరి. ఒక్కొక్క పోగు ఎడమవైపు మెలితిరిగి యుండును. మూడును కలిసి కుడివైపు మెలితిరుగును. ఎదురు మెలి గనుక పురి విడిపోదు. యజ్ఞోపవీతము వడకునప్పుడు మూడు పోగులను ఒకవైపు పురిపెట్టి, దానిని మరల మూడు చేసి ఎదురువైపు పురిపెట్టుదుము. మా తాతగారి ప్రక్కన కూర్చుండి తకిలితో ఆ పని చేసిన వ్రేళ్ళు ఇవి. మన పెద్దలకు కొల్లాజెన్ తెలియునని ఇందువలన సిద్ధింపదు. అట్టి మాటలు మనకే నగుబాటు. త్రాడు పేనుట తెలిసినవారికి గట్టిదనము ఎదురుమెలిలో నున్నదని తెలియును, అంతే. ఆ తెలివి చిన్నదేమియు గాదు.

స్నాయువు ఎముకను చేరు చోటు కూడ చూడదగినది. మెత్తని త్రాడు రాతివంటి ఎముకకు ఒక్కసారిగా అతికినచో మొదటి లాగుడుకే ఊడివచ్చును. కావున అది ఎముక దగ్గరకు వచ్చుకొలది మృదులాస్థి గుణము పొంది, పిదప సున్నపు గుణము పొంది, క్రమక్రమముగా ఎముకలో లీనమగును. మొన్న అష్టబంధనమును దంచునప్పుడు మీలో పలువురు సమ్మెట పట్టితిరి. వెన్నముద్దవలె మెత్తనైన ఆ మందు పీఠమునకును విగ్రహమునకును నడుమ కూర్చుండి దినదినమునకు గట్టిపడును. రేపటినుండి విగ్రహమును చూచువారెవరికిని అది కనబడదు.

2013లో డెన్మార్క్ దేశపు శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఒక పరిశోధన నన్ను చాల దినములు వెంటాడినది. 1950, 60 దశకములలో జరిగిన అణుపరీక్షల వలన గాలిలో ఒక రకపు కర్బనము పెరిగి, పిదప క్రమముగా తగ్గినది. అది ఆ కాలపు మనుష్యుల దేహములలోను చేరినది. దానిని కొలిచి, మడమ స్నాయువులోని నడిమి భాగము ఎప్పుడు తయారైనదో వారు లెక్కగట్టిరి. అది మనిషి పుట్టినది మొదలు సుమారు పదునేడేండ్ల లోపల తయారై, ఆ తరువాత దాదాపు మారకయే ఉండునని తేలినది. చర్మము మారును, రక్తము మారును, ఎముక కూడ మెల్లగా మారును. ఈ త్రాడు మాత్రము బాల్యమున పేనినదే.

ఈ సంగతి చదివినప్పుడు మా పాఠశాల పిల్లలు తలపునకు వచ్చిరి. ఉదయము నాలుగున్నరకు లేచి, పద్మాసనమున కూర్చుండి సంత చెప్పుకొను పిల్లలు. పూర్వము మేము ఏటికి పోయి స్నానము చేసి, నీళ్ళు మోసి, చెట్లెక్కి, ఆ తరువాత కూర్చుండెడివారము. నేటి పిల్లలు కూర్చుండుట మాత్రమే చేయుచున్నారు. రెండేండ్ల క్రితము ఒక బాలుడు మోకాళ్ళు పట్టివేసి లేవలేకపోగా సోమరితనమని కసరితిని. ఆ మాట అనకుండ ఉండవలసినది. నాటినుండి సాయంకాలపు సంతకు ముందు ఒక గంట ఆట తప్పనిసరి చేసితిని. వసతిగృహము మేడకు విరాళమిచ్చిన దాతలు దాని ప్రక్కన ఖాళీస్థలమునకు కూడ ప్రహరీ కట్టించియిచ్చినచో సంతోషింతును. సంచికలో అడిగినది కాదనరని ధైర్యము!

పెద్దలకు రెండు మాటలు. అలిపిరి మార్గమున 3,550 మెట్లు కలవు. సింహాచల గిరిప్రదక్షిణము సుమారు 32 కిలోమీటర్లు. సంవత్సరమంతయు కుర్చీలో కూర్చుండి ఒక్కనాడు మ్రొక్కు తీర్చుకొనబోయినచో కండ ఒకవేళ ఓర్చుకొనును, స్నాయువు ఓర్చుకొనదు. కండ వారములలో బలపడును. స్నాయువునకు మాసములు పట్టును. మ్రొక్కునకు మూడు మాసముల ముందునుండి దినదినమును కొంచెముగా నడచుట మొదలిడుడు. ఇంకొకటి. సిప్రోఫ్లోక్సాసిన్ మొదలగు ఫ్లోరోక్వినోలోన్ వర్గపు మందులు కొందరికి స్నాయువును చెరచి తెగునట్లు చేయునని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తీవ్రమైన హెచ్చరిక వెలువరించినది. అరువది దాటినవారికిని, స్టెరాయిడ్ మందులు వాడువారికిని ఆ ప్రమాదము ఎక్కువ. జ్వరమనియో విరేచనములనియో మందుల దుకాణములో పేరు చెప్పి కొని మ్రింగకుడు. వైద్యుని అడిగి వాడుకొనుడు. ఆ మందు వాడునప్పుడు మడమ వెనుక నొప్పి పుట్టినచో వెంటనే చెప్పుడు.

ఇక రేపటి కార్యక్రమము. ప్రాతఃకాలమున యాగశాలలో పూర్ణాహుతికి ముందు నాడీసంధానము జరుగును. ప్రధాన కుంభమునుండి మూలవిరాట్టు వరకు దర్భలతోను నూలుతోను పేనిన త్రాటిని కట్టుదుము. ఇన్ని దినములు ఇచ్చట జపహోమములతో కుంభమున ఆవాహనమైనది ఆ త్రాటివెంట లోపలికి చేరునని శాస్త్రము. చూచువారికి అది నేలపై నుండి పోవు ఒక సన్నని త్రాడు. దయచేసి ఎవరును దానిని దాటకుడు. పిల్లలను చేయి పట్టుకొని ఉంచుకొనుడు.

ఆ త్రాటి యాగశాల కొసను నేను పట్టుకొనవలసి యున్నది. నా అనామిక ఇప్పుడు చాలవరకు వంగును. చివరి కణుపు మాత్రము నేటికిని వంగదు. పవిత్రము తొడుగునప్పుడు నడిమి కణుపు దగ్గర ఆగును. శిష్యుడు మెల్లగా తోయును. త్రాడు పట్టినప్పుడు మధ్యవ్రేలును చిటికెనవ్రేలును దానిని తమతోపాటు లోపలికి తీసికొనిపోవును. నిన్న సాయంకాలము త్రాడు పేనిన పిమ్మట ఒకసారి పట్టి చూచుకొంటిని. పట్టు నిలిచినది.